షాకప్సర్

మధ్యాహ్నం రెండింటికి భోలక్‌పూర్‌ల కరెంటు పోతది.
కంప్రెసర్ మూగబోతది.
తుక్కు దుకాణాల సుత్తులు
బువ్వ తిననీకి పోతయి.
అప్పుడు తీస్త ఫోను,
గ్రీజు అంటని చిటికెన వేలుతోటి.

ఒక ఎర్ర జీపు. ఒక గుట్ట. ఆయెనుక ఇంకో గుట్ట.
కింద రెండే పెడల్లు,
ఒకటి పోనీకి, ఒకటి ఆగనీకి.
స్టీరింగు లేదు, హారను లేదు,
రాంగ్ రూట్ల ఎదురొచ్చేటోడు లేడు,
ముషీరాబాద్ చౌరస్త లేనే లేదు.
భూమి ఒక్కటే ఉన్నది. గుంజుతది.

మొదట నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్ల సంది షాకప్సర్లు విప్పెటోన్ని,
ఆ స్ప్రింగులు చూస్తే నవ్వు రాదా?
రబ్బరు చెప్పు లెక్క సాగుతయి.
ఖలీల్ ఉస్తాద్ బతికుంటే
పానాతోటి నెత్తి మీద ఒకటిచ్చి
"కౌన్సీ కంపెనీ కా హై రే" అనేటోడు.

కానీ ఆ బరువు మాత్రం అబద్ధం కాదు.
ఎక్కేటప్పుడు ముక్కు లేస్తది, గ్యాసు కొంచెం వదలాలె.
గాలిల ఉన్నప్పుడు బ్రేకు తాకితే
ముక్కు మెల్లగ వంగుతది,
మాట వినే ఎద్దు లెక్క.
చదువుకున్నోడెవడో కంప్యూటర్ల కట్టిన లెక్క అది.
నేను అరచేత్తోటి కడ్త:
సీటు ఒక్కసారి అదిమి వదుల్త.
ఒకసారి ఊగి నిలబడితే బండి మంచిది.
మూడుసార్లు ఊగిందా, ఆయిలు పోయినట్టే.

ఇక్కడ ఫోర్కు సీలు మారిస్తే నాకు మిగిలేది నూట ఇరవై.
అక్కడ గుట్ట దిగేలోపల వెయ్యి నాణేలు.
ఇంజనుకు ఎనిమిది వేలు పెట్టిన, టైర్లకు పన్నెండు,
ఎవ్వరినీ అడగకుండ.
ఆ ఒక్క జాగల నేను ఉన్నోన్ని.

బోల్తా పడితే డ్రైవరు మెడ విరుగుతది,
కటుక్.
చచ్చిన ప్రతిసారి ఒక అడ్వటైజ్‌మెంటు,
ఐదు నిమిషాలల్ల లోను, ఆధారు చాలు అని.
మూలకు నువ్వుగింజంత ఇంటు గుర్తు,
నా బొటనవేలికి ఎన్నడూ దొరకదు.
రెండుసార్లు ఆ లోను దుకాణంల పడ్డ, బయటకొచ్చిన.
వాడు మాత్రం మళ్ళ లేస్తడు,
టోపీ కూడ నలగదు.

మొన్న శుక్రవారం,
రికార్డుకు డెబ్బై మీటర్ల దూరంల ఉన్న.
"అయిందా బాబూ?" అన్నది ఎస్తేరు టీచరు.
"అయింది" అన్న, తల ఎత్తకుండ.
ముందు ఇరుసు నట్టు చేత్తోటే తిప్పిన.
పానా పెట్టలే.

అర్ధగంటకు స్కూటీ నడిపించుకుంట వచ్చింది.
పార్శిగుట్ట దిగుతుంటే
చక్రం తాగినోని లెక్క ఊగిందట.
"పడలేదు" అన్నది.
కొంచెం ఆగి మళ్ళ "పడలేదు" అన్నది,
ఈసారి నాతోటి కాదు.

తిడితే బాగుండు. తిట్టలే.
నీళ్ళడిగింది.
స్టూలు మీద కూసోని
"ఏంది ఆట, ఇటియ్యి" అన్నది.
నలభై మీటర్లకు కటుక్.
అరవైకి కటుక్.
చాక్‌పీసు అంటిన వేలుతోటి లోను దుకాణం మూసి
మళ్ళ మొదలువెట్టింది.
హిందీ చెప్తదట ఎనిమిదో తరగతికి.
మూడోసారి గుట్ట దాటంగనే
"అరె అరె అరె" అని చిన్నపోరి లెక్క అరిచింది.

నేను కింద కూసున్న, పానా పట్టుకోని.
చేతులు వణికినయి, ఎందుకు చెప్పాలె.
నట్టు బిగిసింది,
కటుక్.

"బాబూ, నేనేం ఒత్తుతలేను,
బండి నిలబడే ఉన్నది.
మరి పెట్రోలెందుకు తగ్గుతున్నది?"

"తెల్వదు టీచర్. ఇండ్ల గట్లనే తగ్గుతది."

పైసలు వద్దన్న. నలభై రూపాయలు
రించి డబ్బా కింద పెట్టింది.
కరెంటొచ్చి కంప్రెసర్ దడదడ కొట్టుకున్నది.
ఎర్ర జీపు గుట్ట మీదనే ఉన్నది,
పచ్చగీత చిన్నగ, ఇంకా చిన్నగ.
ఇద్దరం వంగి చూస్తనే ఉన్నం.